రెండో దెబ్బకు పేలే తూటా

మొన్న ఆదివారం అన్నాల వేళకు మా చెల్లెలి మనుమరాలు పిస్తోలు ప్రాక్టీసు నుంచి నేరుగా నాచారంలోని మా ఇంటికి వచ్చింది. సంచి సోఫాలో పడేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా కంచం ముందు కూర్చొని, తన పిస్తోలు పొద్దటి నుంచి మొరాయిస్తోందనీ, మీట నొక్కితే టక్కుమంటుందే తప్ప తూటా పేలడం లేదనీ, తోటి పిల్లలందరి ముందు నామోషీ అయిందనీ చెప్పి, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. పోటీలు దగ్గరపడ్డాయి కదా, ఎవరో ఓర్వలేక ఏదో చేసి ఉంటారని, ఆ పూట భోజనానికి మా ఇంట్లోనే ఉన్న మా చెల్లెలు వెంటనే తేల్చేసింది. మా ఆయన తూటాల కంపెనీని తిట్టిపోశాడు. ఆ పిల్ల మాత్రం పెరుగన్నం కలుపుతూనే ఫోను చూసుకుంటూ, "అట్లేం గాదు, గీ బ్రాండే మంచిగ లేదంట. అందరు గదే రాసిన్రు," అన్నది.

నేను చారు వడ్డిస్తూ, "పేలనిదాన్ని మళ్లొక్కసారి కొడితే పేలుతుందా?" అని అడిగాను.

పిల్ల ఫోను పక్కన పెట్టింది. "పేలుతుంది. నీకెట్ల ఎరుక అమ్మమ్మా?"

ఎట్లా ఎరుకో మా చెల్లెలికి తెలుసు గాని తనూ మరిచిపోయినట్టుంది. పెళ్లికి ముందటి సంగతి కాబట్టి మా ఆయనకు సగమే తెలుసు. చేతిలో గరిటెతో, మోకాళ్ల నొప్పులతో తిరుగుతున్న ఈ ముసలిది ఒకప్పుడు చెయ్యి చాపి నిలబడి గురిచూసి పిస్తోలు కాల్చేదంటే ఆ పిల్ల నమ్ముతుందా అని నాకే అనుమానం వచ్చింది. అందుకే ఆ పూట ఏదో చెప్పి దాటవేశాను. కానీ వాళ్లు వెళ్లిపోయినప్పటి నుంచీ ఆ టక్కుమనే చప్పుడు నా చెవిలో నుంచి పోవడం లేదు.

నా ఈడువారిలో ఈ తట్టు సంగతి ఎరిగినవారుంటే, ఆనాటి ఉప్పల్ గుర్తుండే ఉంటుంది. అప్పటికి క్రికెట్ స్టేడియం లేదు, మెట్రో అన్న మాటే లేదు. వరంగల్ బస్సులు ఆగే చౌరస్తా దాటితే ఒక పక్క ద్రాక్షతోటలు, ఇంకో పక్క ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లటి బండలు. ఆ బండల మధ్య, ఎవరికీ అడ్డం లేని పల్లంలో, ఒక రైఫిల్ క్లబ్బు ఉండేది. వకీళ్లూ, డాక్టర్లూ, పెద్ద ఉద్యోగాల వాళ్లూ ఆదివారం పూట కార్లలో వచ్చి కాల్చుకొని పోయే చోటు అది. అలాంటి చోటికి నాచారం కార్ఖానాలో పనిచేసే నేను వెళ్లగలిగానంటే మా మామ పుణ్యమే.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఫౌజులో పనిచేసి, పింఛను మీద వచ్చి, మౌలాలి గుట్ట కింద చిన్న ఇల్లు కట్టుకొని, ఆ క్లబ్బులో ఆయుధాల గదికి కాపలాదారుగా కుదిరాడు. ఆ గదిని ఫౌజు అలవాటు కొద్దీ 'కోత్' అనేవాడు. దాని తాళాలు ఎప్పుడూ ఆయన నడుముకే వేలాడేవి. మా నాన్న పోయాక మా ఇంటికి మగదిక్కు కూడా ఆయనే. నా కాలేజీ చదువూ, కార్ఖానా ఉద్యోగమూ ఆయన నిలబడి చూసుకున్నవే. కాలేజీలో క్యాడెట్ల జట్టులో నేను రైఫిల్ బాగానే కాల్చేదాన్నని తెలిసి, సెక్రటరీ గారిని బతిమాలి, నన్ను క్లబ్బుకు తీసుకుపోయి, చేతిలో పిస్తోలు పెట్టింది ఆయనే. చెయ్యి చూడగానే, ఇది రైఫిల్ చెయ్యి కాదు, పిస్తోలు చెయ్యి అన్నాడు. అది నిజమో, మేనకోడలి మీద ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు.

మేము కాల్చేవి పాయింట్ టూ టూ పిస్తోళ్లు. చిన్న తూటా, పెన్సిలు ముక్కంత సన్నం. పెద్ద తూటాలకు అడుగున నట్టనడుమ ఒక టిక్కీ ఉంటుంది, పిన్ను దాన్ని కొడితే నిప్పు పుడుతుంది. ఈ చిన్నవాటికి అది ఉండదు. అడుగు చుట్టూ ఉండే అంచులోనే మందు పరచి ఉంటుంది, పిన్ను ఆ అంచును నలిపితే పేలుతుంది. అంచులో ఒక చోట మందు చేరలేదనుకోండి, సరిగ్గా అక్కడే పిన్ను దెబ్బ పడిందనుకోండి, టక్కుమని ఊరుకుంటుంది. తీసి కొంచెం తిప్పి పెడితే పేలవచ్చు, పేలకపోవచ్చు. అందుకే ఎంత గొప్ప కంపెనీదైనా ఈ జాతి తూటాను పూర్తిగా నమ్మొద్దని మామ చెప్పేవాడు. పేలని తూటా ఉన్న పిస్తోలును గురి వైపే పట్టుకొని కాసేపు ఆగాలనీ, ఒక్కోసారి ఆలస్యంగా పేలి మనుషుల ప్రాణం తీస్తుందనీ చెవిలో ఇల్లు కట్టుకొని పోరేవాడు. ఇంకో మాట కూడా ఉండేది. తూటా లేకుండా ఈ పిస్తోళ్ల మీట ఊరికే నొక్కొద్దు. లోపల తూటా అంచు లేకపోతే పిన్ను పోయి ఇనుమునే కొడుతుంది. కొట్టగా కొట్టగా అక్కడ సొట్ట పడుతుంది. ఎవరైనా సరదాకు ఖాళీ పిస్తోలు టక్కుటక్కుమనిపిస్తే, వాళ్లు ఎంత పెద్ద వకీలైనా సరే, మామ చేతిలోంచి లాక్కున్నంత పని చేసేవాడు.

నమ్మకపోవడం నాకు కొత్తేమీ కాదు. కార్ఖానాలో మేము కరెంటు స్విచ్చులు తయారుచేసేవాళ్లం, నేను చెకింగులో ఉండేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్క స్విచ్చునూ వేసి, తీసి, చెవి దగ్గర పెట్టుకొని, ఇది చెడిపోయిందేమో అని చూడటమే నా పని. బాగుందని నమ్మి దాటించే చెకర్ ఎక్కువ కాలం నిలవదని మా సూపర్‌వైజరమ్మ అనేది. ఆ అనుమానం నా వేళ్లలో ఇంకిపోయింది. మా అమ్మ కూర వండితే ఉప్పు వేసిందో లేదో అడగకుండా ముద్ద నోట్లో పెట్టేదాన్ని కాదు.

క్లబ్బులో పిస్తోలు కాల్చే ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆమె లాలాపేటలో ఉండే బడిపంతులమ్మ, నాకంటే కాస్త పెద్దది. లాలాపేట అక్క అనేదాన్ని. పొడవాటి మనిషి, మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. ఉప్పల్ చౌరస్తాలో నా కోసం బస్సు దిగి నిలబడేది, ఇద్దరం కలిసి బండల దాకా నడిచేవాళ్లం. మా ఇద్దరికీ క్లబ్బువే చెరొక పిస్తోలు కేటాయించారు. నాది పాతది, విదేశీది, చెక్క పిడి అరిగి నున్నగా ఉండేది. ఆ ఏడు రాష్ట్రం జట్టుకు ఎంపిక పోటీలు వచ్చాయి. మా క్లబ్బు నుంచి ఆడవాళ్లలో ఒక్కరికే చోటు. ఆ చోటు ఇద్దరిలో ఎవరికి దక్కుతుందో అప్పటికి ఎవరూ చెప్పలేకపోయేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా పిస్తోలు మొదలుపెట్టింది. గురి కుదిరి, ఊపిరి ఆగి, వేలు మీట మీద మెల్లగా బిగుసుకుంటుంటే టక్. అంతే. గురి వైపే పట్టుకొని ఆగి, మళ్లీ కొడితే పేలేది. మొదటి ఆదివారం తూటాల తప్పే అనుకున్నాను. ఆ మరుసటి ఆదివారం డబ్బా మార్చాను. మళ్లీ అదే. తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగు కూడా ఒక్కోసారి బయటికి రాకుండా లోపలే పట్టుకునేది. పక్క బల్ల దగ్గర అక్క పిస్తోలు మాత్రం గడియారంలా పనిచేసేది. ప్రతి టక్కుకూ నా చెయ్యి ఉలికిపడేది. తర్వాతి తూటా పేలినా గురి తప్పేది.

చెకింగు బుద్ధి ఊరుకోనివ్వలేదు. తూటాల డబ్బాలు కోత్ లోంచి మా బల్లల దాకా తెచ్చేది ఎవరు? మామ ఇస్తే ఎక్కువసార్లు అక్కే తెచ్చేది, నాది కూడా కలిపి. తెచ్చే దారిలో మార్చడం ఎంతసేపు? బండల వెనక గదిలో ఏళ్ల తరబడి పడున్న పాత తూటాలు కొన్ని ఉన్నాయని అందరికీ తెలుసు. నేను అక్కను కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆమె సంచి ఎక్కడ పెడుతుంది, నా డబ్బా ఎప్పుడు ముట్టుకుంటుంది, నా పిస్తోలు ఆగినప్పుడు ముఖం ఎట్లా పెడుతుంది, అన్నీ. నవ్వితే నన్ను చూసే నవ్విందనుకునేదాన్ని, నవ్వకపోతే దాచుకుంటోందనుకునేదాన్ని. బస్టాపులో ఇదివరకటిలాగే నా చెయ్యి పట్టుకొని నడిచేది, ఆ చెయ్యి కూడా నాకు అనుమానంగానే తోచేది.

ఇంతలో నా పిస్తోలు సంగతి సెక్రటరీ గారి చెవిన పడింది. ఆయన ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, తూటాలు లెక్కకు సరిగ్గానే ఉన్నాయి గానీ, డబ్బాల్లో ఉన్నవి అసలువేనా అన్నదే ప్రశ్న అన్నారు. మంచి విదేశీ తూటాలకు బయట గిరాకీ ఉందట. ఎవరైనా వాటిని బయటికి పంపి, పాతవి డబ్బాల్లో నింపితే క్లబ్బు లైసెన్సు పోవడమే కాదు, పోలీసు కేసు అవుతుందట.

"నేను ఎవరినీ అనడం లేదమ్మా. మీ మామగారు నాకు పదేళ్ల పైబడి తెలుసు. కానీ తాళం ఒక్కరి దగ్గరే ఉంది కదా."

ఆ మాట విన్నాక ఆయన మీద కోపం రావలసింది పోయి, నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ నెల రోజులుగా మామ మామూలుగా లేడు. క్లబ్బు మూసి ఉండే రోజుల్లో కూడా మధ్యాహ్నం పూట సైకిలేసుకొని పోతున్నాడని మౌలాలిలో మా అత్త చెప్పింది. అడిగితే పిస్తోళ్లకు నూనె పెట్టాలె అంటాడట. నేను కోత్ గడప దగ్గరికి వెళ్తే, ఇదివరకు లోపలికి పిలిచి చాయ్ పోసేవాడు. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పంపేస్తున్నాడు. కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. డబ్బాలు అందించేటప్పుడు కూడా ఎడమ చెయ్యే ముందుకు వచ్చేది. ఎడమ చేత్తో ఇచ్చేదేమీ తీసుకోవద్దని చిన్నప్పుడు మాకు నేర్పిన మనిషి.

మా అమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె తట్టుకోలేదు. నాకు బువ్వ పెట్టిన చెయ్యి దొంగచెయ్యేమో అన్న అనుమానాన్ని ఒక్కదాన్నే మోసుకుంటూ తిరిగాను. కార్ఖానాలో మంచి స్విచ్చులు కూడా పక్కన పడేస్తున్నానని సూపర్‌వైజరమ్మ మందలించింది.

ఈ ముడిని విప్పింది లాలాపేట అక్క. ఒక ఆదివారం ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగగానే, నడవకుండా అక్కడే నిలబడి నా ముఖంలోకి చూసింది.

"నా మీద అనుమానపడుతున్నవ్ గదా చెల్లే?"

నేను నేల చూపులు చూశాను.

"జర ముఖం జూసి చెప్పు. నీ డబ్బలు నేనే మారుస్తున్న అనుకుంటున్నవ్. అవునా కాదా?"

"అనుకున్న అక్కా. ఇప్పుడు ఏమనుకోవాల్నో కూడ సమజైతలేదు."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకొని, "సరే నడువు. నీ తూటలు నా పిస్తోలుల పెట్టి నేను కొడ్త. నా తూటలు నీ పిస్తోలుల పెట్టి నువ్వు కొట్టు. అందరి ముందట. తప్పు యాడ ఉంటే గాడ బయటపడ్తది," అన్నది. ఇంత తేలిక పరీక్ష చెకింగులో పనిచేసే నాకు ఎందుకు తట్టలేదో! మనుషులను అనుమానించే పనిలో పడి వస్తువులను మరిచిపోయాను కాబోలు.

సెక్రటరీ గారి ముందే చేశాం. నా డబ్బాలోని తూటాలన్నీ అక్క పిస్తోలులో ఒక్కటి కూడా ఆగకుండా పేలాయి. నా పిస్తోలులో పేలకుండా మిగిలినవి కూడా ఆమె పెట్టి కొడితే, తిప్పకుండానే మొదటి దెబ్బకే పేలాయి. అక్క డబ్బాలోని తూటాలు నా పిస్తోలులో పెడితే టక్, ఇంకొకటి పెడితే మళ్లీ టక్. తూటాలు మంచివే. ఎవరూ ఏదీ మార్చలేదు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. మామ దొంగ కాడు. ఆయన వైపు చూస్తే ఆయన మాత్రం సంతోషించినట్టు లేదు. నా చేతిలోని పిస్తోలునే చూస్తున్నాడు.

సెక్రటరీ గారు దాన్ని పాతబస్తీలో తుపాకులు బాగుచేసే దుకాణానికి పంపారు. వారం తర్వాత జవాబు వచ్చింది. తూటా కూర్చునే చోట అంచు మీద పిన్ను దెబ్బలు పడి సొట్టపోయింది, ఇనుము లోపలికి ఉబికింది. అందుకే తూటా పూర్తిగా కూర్చోవడం లేదు. మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతోంది, రెండో దెబ్బకు పేలుతోంది. పిన్ను మొన కూడా మొద్దుబారింది. ఖాళీ పిస్తోలును ఎవరో చాలాకాలంగా కొడుతున్నారని దుకాణం వాళ్ల మాట.

"ఆ పిస్తోలు మీరొక్కరే కదమ్మా వాడేది," అన్నారు సెక్రటరీ గారు. గొంతులో కఠినత్వం లేదు, అదే ఇంకా బాధ. ప్రాక్టీసు పేరుతో నేనే ఖాళీగా కొట్టి ఉంటానని అక్కడున్న అందరి ముఖాల్లో రాసి ఉంది. నేను ఎన్నడూ కొట్టలేదని ఎంత చెప్పినా, దొరికిపోయినవాళ్లు అనే మాటా అదే కదా. ఎంపిక పోటీల దాకా క్లబ్బు ఆయుధాలేవీ ముట్టుకోవద్దన్నారు.

నన్ను నిజంగా కోసింది ఆ ఆంక్ష కాదు. పక్కనే నిలబడ్డ మామ ఒక్క మాట అనలేదు. నా మేనకోడలు అట్లా చేయదు సార్ అన్న ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూశాను. ఆయన తన నడుముకున్న తాళాల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఉప్పల్ దాకా ఎట్లా నడిచి వచ్చానో తెలియదు. బస్సులో కూర్చున్నాక ఏడుపు ఆగి, ఆలోచన మొదలైంది. నా గురించి అన్నీ తెలిసిన మనిషి ఎందుకు నోరు మెదపలేదు?

ఆ రోజుల్లో కార్ఖానాలకు వారంలో ఒకనాడు కరెంటు సెలవు ఉండేది. ఆ సెలవు నాడు అమ్మకు చెప్పకుండా మధ్యాహ్నం బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, ఎండలో బండల దారి పట్టాను. క్లబ్బు గేటు దగ్గర మామ సైకిలు ఉంది. కోత్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లకముందే వినిపించింది, టక్. కొంచెం ఆగి, నాపరాయి మీద బిళ్ల పడి దొర్లిన చప్పుడు. మళ్లీ టక్.

కిటికీ ఊచల్లోంచి చూశాను. నా పిస్తోలు దుకాణం నుంచి ఇంకా తిరిగి రాలేదు. దాని జోడుది, అదే తీరుది, ఇంకొకటి మామ చేతిలో ఉంది. కుడిచెయ్యి పూర్తిగా చాపి నిలబడ్డాడు. పిస్తోలు గొట్టం మీద, ముందు కొసన, ఒక రూపాయి బిళ్ల నిలబెట్టాడు. బిళ్ల పడకుండా మీట నొక్కాలి. చెయ్యి నిలకడగా ఉందో లేదో చూసుకొనే ఫౌజు పద్ధతి అది. ఆయన వేలు బిగుసుకోకముందే మణికట్టు వణికింది. బిళ్ల పడిపోయింది. వంగి ఏరుకొని, ఎడమచేత్తో మళ్లీ పెట్టుకున్నాడు. వణికింది. పడిపోయింది.

"మామా," అన్నాను.

ఆయన ఉలికిపడలేదు. పిస్తోలు గోడవైపు తిప్పి బల్ల మీద పెట్టి, లోపల ఏమీ లేదని తెరిచి చూసి, అప్పుడు వచ్చి తలుపు తీశాడు.

"ఎవలు జెప్పిన్రు బిడ్డా?"

"ఎవ్వలు జెప్పలే. నువ్వు గూడ జెప్పలే."

స్టూలు మీద కూలబడ్డాడు. కుడిచెయ్యి ఈసారి జేబులో పెట్టుకోలేదు. మోకాలి మీద పెట్టుకున్న ఆ చెయ్యి దానంతటదే కదులుతూ ఉంది, ఏదో లెక్కపెడుతున్నట్టు.

"చెయ్యి ఆగుతలేదు. పొద్దుగాల చాయ్ పట్టుకుంటే సాసరు గలగలమంటది. మీ అత్త జూసింది గని ఏమనలే. పిస్తోలు పట్టుకుంటే మాత్రం ఎప్పుడన్న ఆగుతది. బిళ్ల పడకుంటే గా రోజు అన్నం తినబుద్దయితది నాకు. గా పిస్తోలు నీకియ్యకముందు నేను కొట్టిందే గద. చెయ్యికి అలవాటు."

"ఖాళీగ కొట్టొద్దని నువ్వే గద మామా అందరికి జెప్పినవ్?"

"పేలిన తొడుగు లోపల పెట్టి కొడుతున్న, ఏం గాదు అనుకున్న. ఒక్క తొడుగు ఎన్ని దెబ్బలకు ఆగుతది? నలిగి నలిగి రేకయింది. ఎరుకలేక గాదు బిడ్డా. ఎరుకుండే కొట్టిన."

"మరి నన్నన్నప్పుడు?"

నేల మీద పడి ఉన్న రూపాయి బిళ్లను వంగి ఏరుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. బయట ద్రాక్షతోటలో ఎవరో మోటారు వేసినట్టున్నారు, ఆ చప్పుడు ఒక్కటే. చివరకు, "గప్పుడు నోరు పెగలలే. చెయ్యి వణుకుతదని తెలిస్తే తాళాలు తీస్కుంటరు. తాళాలు పోతే నేనెవల్ని?" అన్నాడు.

నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. ఆ క్షణాన కోపమే వచ్చింది. మేనకోడలి పరువు కంటే ఒక రూపాయి బిళ్ల పడకుండా ఉండటమే ఎక్కువైందా అని అడగాలనిపించింది. అడగలేదు. "ఆదివారం నువ్వే జెప్పాలె," అన్నాను. "జెప్త," అన్నాడు. ఇద్దరం కలిసి ఉప్పల్ దాకా నడిచాం, ఆయన సైకిలు తోసుకుంటూ. చౌరస్తాలో నన్ను బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు, చిన్నప్పుడు నన్ను బడి బస్సెక్కించినట్టే.

ఆదివారం అందరూ చాయ్ తాగుతున్నప్పుడు మామ వచ్చి సెక్రటరీ గారి ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. పిస్తోలు పాడుచేసింది తానేననీ, పిల్లకు ఏ పాపం తెలియదనీ, ఆనాడే చెప్పాల్సిందనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎందుకు చేశారని సెక్రటరీ గారు అడిగితే జవాబుగా కుడిచెయ్యి చాపాడు. వకీళ్లూ డాక్టర్లూ అందరూ చూశారు. ఎవరూ కప్పు కింద పెట్టలేదు, ఎవరూ తాగలేదు. లాలాపేట అక్క ముఖం అటు తిప్పుకుంది.

సెక్రటరీ గారు నా మీది ఆంక్ష అక్కడికక్కడే ఎత్తేశారు, మామను కూడా ఉద్యోగంలో ఉండమనే అన్నారు. పెద్దమనిషి. కానీ మామ నడుముకున్న తాళాలు విప్పి బల్ల మీద పెట్టి, "చెయ్యి ఆగనోనికి కోత్ వద్దు సార్," అన్నాడు. నా వైపు చూడకుండా సైకిలు తీసుకొని వెళ్లిపోయాడు.

పోటీల నాటికి నా పిస్తోలు బాగై వచ్చింది. ఉబికిన ఇనుము సర్ది, కొత్త పిన్ను వేశారు. నేనే దాన్ని పట్టుకోలేకపోయాను. అక్క తన వంతు ముగించుకొని, తన పిస్తోలు తుడిచి, నా వంతుకు నాకు ఇచ్చింది. చోటు ఒక్కటే, పోటీ మా ఇద్దరికే, అయినా ఇచ్చింది. ఆనాడు ఒక్క తూటా కూడా ఆగలేదు. కానీ ప్రతి తూటాకూ ముందు, ఇది పేలుతుందా అని నా చెయ్యి ఒక రవ్వంత బిగుసుకునేది. తూటాలు మొదటి దెబ్బకే పేలాయి, గురి మాత్రం చెదిరింది. చోటు అక్కకు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు నా పెళ్లి, పిల్లలు. క్లబ్బు మెల్లగా దూరమైపోయింది.

మామతో నేను చాలా నెలలు సరిగ్గా మాట్లాడలేదు. దవాఖానాలో చూపిస్తే అది నరాల జబ్బు అన్నారు, మందులతో నెమ్మదిస్తుంది గాని పోదన్నారు. ఒకనాడు మౌలాలి వెళ్తే మా అత్త ఆయనకు అన్నం తినిపిస్తోంది. నన్ను చూసి సిగ్గుపడి కంచం పక్కకు నెట్టాడు. నేను పోయి పక్కన కూర్చొని, అత్త చేతిలోని ముద్ద అందుకున్నాను. ఆయన నోరు తెరిచాడు. మా మధ్య క్షమాపణలూ అవీ ఏమీ జరగలేదు, అదొక్కటే జరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నాడు. అక్క కూడా ఆయన్ను చూడటానికి వస్తూ ఉండేది. ఆమె ఇప్పటికీ లాలాపేటలోనే ఉంది. మోకాళ్ల సంగతులు ఫోనులో చెప్పుకుంటాం.

అనుమానించినందుకు నేను సిగ్గుపడతానా అని ఈ వయసులో ఆలోచిస్తే, లేదనే అనిపిస్తుంది. అక్క విషయంలో తప్పాను, మామ దొంగ అనుకొని తప్పాను. కానీ మామ ఏదో దాస్తున్నాడన్నది నిజమే కదా. నేను అనుమానించకుండా ఊరుకొని ఉంటే ఆయన ఆ గదిలో ఒంటరిగా ఇంకెన్నాళ్లు ఆ బిళ్ల ఏరుకుంటూ ఉండేవాడో.

మా చెల్లెలి మనుమరాలికి నిన్న ఫోను చేసి, తూటాలను తిట్టే ముందు ఒకసారి ఎవరితోనైనా పిస్తోలు లోపలి అంచు చూపించమన్నాను. ఆ డబ్బా వాపసు పంపేసిందట, వేరే బ్రాండు వచ్చిందట, క్లబ్బులో ఎవరినీ ఏమీ అడగలేదట. అడగడానికి అక్కడ ఎవరున్నారో కూడా దానికి సరిగ్గా తెలియదు; తాళం తీసే మనిషి పేరు తెలియదు, పక్క బల్ల పిల్లది ఏ ఊరో తెలియదు. ఉప్పల్ బండలన్నీ పగలగొట్టి ఇళ్లు కట్టేశారు, మా క్లబ్బు ఎక్కడుండేదో ఇప్పుడు నేనే చూపించలేను. దానికి నాకు పెద్ద దిగులు లేదు, ఊరు పెరిగితే బండలు మిగలవు. దిగులల్లా ఒక్కటే. మా రోజుల్లో ఏదైనా చెడిపోతే ముందు ఒక మనిషి ముఖంలోకి చూసేవాళ్లం. అందులో అన్యాయం ఉండేది, ఏడుపు ఉండేది, చౌరస్తాలో నిలదీయడాలుండేవి. కానీ చూసేవాళ్లం. ఇప్పుడు వస్తువు మారిపోతుంది, ఎవరి మీదా నింద పడదు, ఎవరి గుట్టూ బయటపడదు. ఎవరి చెయ్యి వణుకుతోందో కూడా ఎవరికీ తెలియకుండానే రోజులు గడిచిపోతున్నాయి.